వేళ్లతో ఎక్కని ప్లగ్‌ను పానాతో ఎక్కించకండి

(తిరుపతిలో చిన్న ఇంజన్ల మెకానిక్‌ల కోసం ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో ఒక మేస్త్రి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఈ హెడ్‌ను, అంటే సిలిండరు పై మూతను చూడండి. మొదటి వరుస నుంచి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకోండి. ఇది నీళ్ల పంపు ఇంజన్‌ది. స్పార్కు ప్లగ్ రంధ్రంలో చిటికెనవేలి కొన పెట్టి మెల్లగా తిప్పండి. గరుకుగా తగలవలసిన చోట నున్నగా, గుడి మెట్టు అరిగినట్టు ఉంటుంది. ఇప్పుడు దాని వెనకే వస్తున్న ప్లగ్‌ను చూడండి. మరల సందుల్లో వెండి తీగ చుట్టినట్టు మెరుస్తున్నది కదా? గోటితో లాగితే స్ప్రింగులా సాగుతుంది. అది తీగ కాదు, హెడ్‌లో ఉండవలసిన మర. ఎవరో బలవంతంగా విప్పినప్పుడు ప్లగ్‌తో పాటే ఊడివచ్చింది.

మీరంతా థ్రెడ్ అంటారు. నాకు పని నేర్పిన గురువుగారు మర అనేవారు, నా నోటికీ అదే అలవాటు. ఈ రోజు మాట్లాడేది ఆ మర గురించే.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో మా షెడ్డు అలిపిరి వెళ్లే దారిలో ఉండేది. ఒక మే నెల మధ్యాహ్నం చిత్తూరు నుంచి ఒక బండి వచ్చింది. దంపతులు, మధ్యలో ఒక చిన్న పాప. ఇంజన్ మిస్సవుతోంది. "దర్శనం టైము దాటిపోతుంది సామీ, కాస్త త్వరగా చూడు" అన్నాడాయన. గురువుగారు భోజనానికి వెళ్లారు. హెడ్ మీద నీటి చుక్క పడితే చుయ్యిమనేంత వేడిగా ఉంది. నేను ఆగలేదు. పానా వేశాను. కదలలేదు. పానాకు పైపు తొడిగి లాగాను. కీచుమంటూ నాలుగు చుట్లు తిరిగింది, ఆ తర్వాత ఒక్కసారిగా వదులైంది. ప్లగ్ చేతికి వచ్చింది, దాంతో పాటే మర కూడా. గురువుగారు వచ్చి చూసి నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం దాకా ఇంజన్ చల్లారనిచ్చి, హెడ్ దింపి, లేత్ షాపుకు తీసుకెళ్లి బుష్, అంటే లోపలా బయటా మర ఉన్న లోహపు గొట్టం, వేయించారు. ఆ కుటుంబం రాత్రికి మా షెడ్డులోనే పడుకుంది. తల్లి ఒళ్లో నిద్రపోయిన ఆ పాప ముఖం నాకు ఈ రోజుకీ కళ్ల ముందే ఉంది. అందుకే ఈ చిన్న విషయం గురించి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

మర ఎందుకు పోతుంది? హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఒళ్లు ఉక్కు. మెత్తనిది, గట్టిది ఒకదానినొకటి పట్టుకుని ఉన్నాయి. పోరు వస్తే ఎప్పుడూ మెత్తనిదే ఓడుతుంది. పైగా వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడి హెడ్‌లో చల్లని ప్లగ్ పెట్టి బిగించామనుకోండి, చల్లారేటప్పుడు హెడ్ ముడుచుకుని ప్లగ్‌ను నొక్కి పట్టేస్తుంది. వేడి మీద విప్పితే, అప్పటికే మెత్తబడి ఉన్న మర చిరుగుతుంది. అందుకని తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ ఇంజన్ చల్లగా ఉండాలి. చేయి ఆనించి నిలపగలిగితేనే పానా పట్టుకోండి.

రెండో కారణం పొడవు. ప్లగ్ మర పొడవు మూడు రకాలుగా ఎక్కువగా కనిపిస్తుంది: 9.5, 12.7, 19 మిల్లీమీటర్లు. గడ్డి కోసే యంత్రాల్లో, చెట్లు కోసే రంపాల్లో 9.5. చాలా స్కూటర్లలో 12.7. చాలా పంపు ఇంజన్లలో 19. పొడవు ప్లగ్ తక్కువ లోతు హెడ్‌లో వేస్తే చివరి రెండు మూడు మరలు మంటలోకి వేలాడతాయి. వాటి మీద మసి గడ్డకడుతుంది. విప్పేటప్పుడు ఆ మసి ఆకురాయిలా హెడ్ మరను గీకుతూ పైకి వస్తుంది. పిస్టన్‌కు తగిలితే ఇక చెప్పనక్కరలేదు. పొట్టి ప్లగ్ లోతు హెడ్‌లో వేస్తే హెడ్ కింది మరల్లో మసి చేరుతుంది, తర్వాత సరైన ప్లగ్ వేసినా ఆ మసి దగ్గర ఆగిపోతుంది. మనవాళ్లు అక్కడ పానాకు బలం పెడతారు.

పెట్టె మీది అక్షరాలు చదవడం నేర్చుకోండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో మొదటి అక్షరం బి అయితే మర 14 మిల్లీమీటర్లు, డి అయితే 12, సి అయితే 10. చివరి వైపు హెచ్ ఉంటే పొడవు 12.7, ఇ ఉంటే 19. సీఆర్7హెచ్ఎస్ఏ అంటే 10 మిల్లీమీటర్ల మర, 12.7 పొడవు. బీపీఆర్6ఇఎస్ అంటే 14 మర, 19 పొడవు. కొట్టువాడు "ఇదీ అదీ ఒకటే అన్నా, సరిపోతుంది" అంటే నమ్మవద్దు. పాత ప్లగ్, కొత్త ప్లగ్ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒక్క నిమిషం పని.

మూడో కారణమే అన్నిటికంటే పెద్దది: వంకరగా ఎక్కించడం. ప్లగ్‌ను రంధ్రం మీద పెట్టగానే పానా వేసి తిప్పేస్తాం. మొదటి మర మరో మర మీదికి అడ్డంగా ఎక్కుతుంది. ఉక్కు కాబట్టి కోసుకుంటూ పోతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది కూడా.

దీనికి నా దగ్గర ఉన్న పరికరం ఇది: జానెడు పెట్రోలు పైపు ముక్క. ప్లగ్ పై కొనకు తొడిగి, రంధ్రంలో నిలువుగా ఉంచి, ముందు ఎడమ వైపుకు తిప్పండి. ఒక చోట ప్లగ్ టక్కున కొద్దిగా కిందికి దిగుతుంది. మర మొదలు దొరికినట్టు. అక్కడి నుంచి కుడికి తిప్పండి. సరిగ్గా ఎక్కితే వాషర్ ఆనేదాకా పైపుతోనే పోతుంది. వంకరగా ఎక్కితే పైపు జారుతుంది, ప్లగ్ తిరగదు. పైపుకు మరను చీల్చేంత బలం లేదు, దాని గొప్పతనం అదే. పైపు జారితే ప్లగ్ తీసి మళ్లీ మొదలు వెతకండి. పానా వైపు చేయి పోనివ్వకండి.

వాషర్ ఆనిన తర్వాత ఎంత బిగించాలి? కొత్త ప్లగ్‌కు వాషర్ అణగడానికి అర చుట్టు. ఒకసారి వాడిన ప్లగ్ అయితే వాషర్ అప్పటికే అణిగి ఉంటుంది, పావు చుట్టు దాటనివ్వవద్దు. లెక్కలో చెప్పాలంటే అల్యూమినియం హెడ్‌లో 10 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. హోండా జీఎక్స్160 పంపు ఇంజన్‌లోని 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 18. ఈ తిప్పే బలాన్ని కొలిచే టార్క్ పానా అందరి దగ్గరా ఉండదు. కానీ పాత పేపర్లు తూచే స్ప్రింగు కాటా ఎక్కడైనా దొరుకుతుంది. ఇదిగో చూడండి. ప్లగ్ మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పానా పిడికి కాటా కొక్కెం తగిలించి, పిడికి అడ్డంగా, తిన్నగా లాగుతున్నాను. ముల్లు 5 కిలోల మీద ఉంది. ఇది దాదాపు 10 న్యూటన్ మీటర్లు. స్కూటర్ ప్లగ్‌కు ఇంతే చాలు. పంపు ఇంజన్‌కు ముల్లు 9 కిలోలకు రావాలి. ఇప్పుడు ఎవరైనా వచ్చి మామూలుగా మీరు బిగించే బలంతో లాగండి... పద్నాలుగు. ఇంకొకరు... పదహారు. చూశారు కదా. ఇంటికి వెళ్లి పది సార్లు కాటాతో లాగి చూస్తే పదకొండో సారి చేతికే తెలిసిపోతుంది.

గ్రీజు రాయాలా అని చాలామంది అడుగుతారు. పూత ఉన్న కొత్త ప్లగ్‌లకు అక్కరలేదు. మర జారుడుగా ఉంటే అదే లాగుడుకు ప్లగ్ ఇంకా బిగుసుకుంటుంది, మర సాగుతుంది.

ఇక పోయిన మర సంగతి. ముందుగా గుర్తు పట్టాలి. ప్లగ్ ఎంత తిప్పినా బిగియకపోవడం ఒక గుర్తు. నడుస్తుంటే హెడ్ దగ్గర టప్ టప్‌మని గాలి తన్నడం, ప్లగ్ మొదట్లో నల్లని జిడ్డు మరక. అనుమానంగా ఉంటే సబ్బు నీళ్లు వేసి చూడండి, బుడగలు లేస్తాయి.

అప్పుడు కొందరు ఎపాక్సీ ముద్ద పూసి ప్లగ్‌ను అతికిస్తారు. కొందరు ప్లగ్‌కు దారం చుట్టి కొట్టి బిగిస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఒక్క లెక్క చెబుతాను. లోడు మీద సిలిండరులో పేలుడు ఒత్తిడి 30 బార్ అనుకుందాం. 14 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. అంటే ప్లగ్‌ను ప్రతి పేలుడూ దాదాపు 46 కిలోల బలంతో బయటికి తోస్తుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే, రెండు చుట్లకు ఒక పేలుడు ఉండే ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో ఇది సెకనుకు 25 సార్లు. వేడి హెడ్ మీద ఆ ముద్ద ఎంతసేపు నిలుస్తుంది? అలా ఊడిన ప్లగ్ మనిషి ముఖం వైపు వస్తుంది. స్కూటర్ మీద అయితే కాళ్ల వైపు.

పై అంచున ఒకటి రెండు మరలు మాత్రమే నలిగి, లోపల బాగుంటే కొత్త మర అవసరం లేదు. మరలను సర్దే చేజర్ ఒకటి దొరుకుతుంది. ట్యాప్ అంటే మర కోసే పనిముట్టు. లోపలికి దించి, వెడల్పు చేసి, లోపలి మంచి మరను ఆధారం చేసుకుని బయటికి తిప్పుకుంటూ వచ్చే బ్యాక్ ట్యాప్ ఇంకా మంచిది. మంచి మర నుంచి చెడ్డ మరకు దారి వేసుకుంటూ వస్తుంది కాబట్టి వంకర పోదు. పై నుంచి మామూలు ట్యాప్ దించితే నలిగిన చోటనే దారి తప్పే ప్రమాదం ఉంది.

మర మొత్తం పోతే రెండు మార్గాలు. ఒకటి హెలికాయిల్, అంటే స్టెయిన్‌లెస్ తీగతో చుట్టిన స్ప్రింగు. తీగ అడ్డుకోత గుండ్రంగా ఉండదు, వజ్రం గుర్తులా నలుపలకలుగా ఉంటుంది. అందుకే బయటి వైపు హెడ్‌కు మర, లోపలి వైపు ప్లగ్‌కు మర. రెండోది గట్టి బుష్. కంపెనీవి దొరుకుతాయి, మన ఊళ్లో లేత్ వాళ్లు కూడా చేసిస్తారు. లేత్ మీద చేయిస్తే నేను ఇత్తడి గానీ గన్‌మెటల్ గానీ అడుగుతాను. వేడికి వాటి వ్యాకోచం ఉక్కు కంటే అల్యూమినియంకు దగ్గరగా ఉంటుంది, బుష్ వదులు కాదు. రంధ్రం బాగా పెద్దదైపోయినా, ఒకసారి వేసిన హెలికాయిల్ ఊడినా బుష్ తప్ప దారి లేదు. 10 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 12 చేసి పెద్ద ప్లగ్ వేసేవాళ్లూ ఉన్నారు. ఆ హెడ్‌ను డిజైను చేసింది ఆ ప్లగ్ కోసం కాదు. దాని వేడి లెక్క వేరు, పొడవు వేరు. నేను వేయను.

హెలికాయిల్ ఎలా వేయాలో వివరంగా చెబుతాను, పాడయ్యేది ఇక్కడే. వీలుంటే హెడ్ దించండి. పంపు ఇంజన్‌కు హెడ్ నాలుగు బోల్టులు, ఒక గ్యాస్కెట్. గంట పని. వాల్వులను తోసే పుష్‌రాడ్లు ఏది ఏ వైపుదో గుర్తు పెట్టుకుంటే చాలు. గడ్డి కోసే యంత్రాల టూస్ట్రోక్ ఇంజన్‌కు విడిగా హెడ్ ఉండదు. సిలిండరు, హెడ్ ఒకే పోత. అక్కడ మొత్తం సిలిండరునే బోల్టులు విప్పి పిస్టన్ మీది నుంచి పైకి లాగాలి. బద్ధకించి అలాగే ట్యాప్ వేస్తే కోసిన లోహపు పొట్టు సిలిండరు గోడలోని రేవుల గుండా క్రాంక్ గదిలోకి, బేరింగుల్లోకి పోతుంది. ఆ సిలిండర్లలో చాలావాటికి గోడ మీద పలుచని గట్టి పూత ఉంటుంది, గీతపడితే బోరు కొట్టి సరిచేయడం కుదరదు. కిందికి దించేటప్పుడు పిస్టన్ రింగు చివరలు పిన్ను దగ్గర సరిగ్గా కూర్చున్నాయో చూసుకోండి.

హెడ్‌ను బల్ల మీద గట్టిగా బిగించండి. ట్యాప్ గాడులకు కిరసనాయిలు వేయండి. అల్యూమినియం కోతకు దాన్ని మించినది నాకు దొరకలేదు. రెండు చుట్లు తిప్పగానే ఆపి, మూలమట్టం తెచ్చి వాషర్ కూర్చునే తలం మీద నిలబెట్టి, ట్యాప్ నిలువుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూడండి. సరిదిద్దుకునే అవకాశం ఆ రెండు చుట్లలోనే ఉంది. తర్వాత ముందుకు అర చుట్టు, వెనక్కి పావు చుట్టు. వెనక్కి తిప్పినప్పుడు చిన్నగా టిక్కుమంటుంది, పొట్టు తెగిన శబ్దం అది. ఆ శబ్దం రాకపోతే తీసి తుడిచి మళ్లీ దించండి. 14 మిల్లీమీటర్ల హెలికాయిల్ కోసం కోసే మర బయటి కొలత 15.6 దాకా వస్తుంది. అంటే గోడ నుంచి దాదాపు 0.8 మిల్లీమీటర్లు తింటున్నాం. వాల్వుల పక్కన గోడ పలుచన, చెయ్యి ఊగితే తిరిగి రాదు.

హెలికాయిల్ పొడవు ప్లగ్ మర పొడవుకు సరిపోవాలి. మంటగదిలోకి పొడుచుకు వస్తే ఆ కొన ఎర్రగా కాగి, స్పార్కు రాకముందే మంట అంటిస్తుంది. పై చివర మాత్రం తలం కంటే పావు చుట్టు నుంచి అర చుట్టు లోపలికి దిగి ఉండాలి, లేకపోతే వాషర్ హెడ్ మీద కాకుండా తీగ మీద కూర్చుంటుంది. ప్లగ్ తన వేడిని దింపుకునే దారి ఈ మర, ఈ వాషర్ తలమే. అక్కడ అతుకు సరిగా లేకపోతే ప్లగ్ కాగిపోతుంది. హెలికాయిల్‌ను తిప్పి లోపలికి దించడానికి పట్టుగా ఉండి, కింద మిగిలిన తోకను సన్నమూతి పట్టుకారుతో పైకీ కిందికీ వంచి విరిచి, విరిగిన ముక్కను చేతిలో పెట్టుకుని కళ్లతో చూసుకోండి. అది కనబడేదాకా తర్వాతి పని లేదు.

స్కూటర్లలో హెడ్ దించడం అంటే టైమింగ్ చైను దాకా వెళ్లాలి. అందుకని ఇంజన్ మీదనే చేయక తప్పని సందర్భాలు ఉంటాయి. అప్పుడు ట్యాప్‌కు తగలనంత కిందికి పిస్టన్‌ను దించండి, రెండు వాల్వులూ మూసి ఉన్న చోట ఆపండి. ట్యాప్ గాడుల నిండా గ్రీజు కూరండి, పొట్టు దానికి అంటుకుంటుంది. ఒక చుట్టు, బయటికి, తుడుపు, కొత్త గ్రీజు. పదిసార్లయినా సరే. చివరికి వాక్యూమ్ మూతికి సన్నని పైపు అతికించి సిలిండరులోకి దించి పీల్చండి. తర్వాత ప్లగ్ లేకుండా, స్పార్కు రాకుండా చూసుకుని నాలుగు కిక్కులు కొట్టండి. పని ఎలా చేశారో యజమానికి దాచకుండా చెప్పండి.

బంగారుపాళ్యం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. మామిడి పూతకు వచ్చి, తేనెమంచు పురుగు కనబడి, రైతు స్ప్రేయరు భుజాన వేసుకుని పరుగున మీ దగ్గరికి వస్తాడు. ఆ రోజు మందు పడకపోతే ఆ చెట్టు ఏడాది ఆదాయం పోతుంది. "ఏదో ఒకటి చేసి పంపు నాయనా" అంటాడు. ఒకసారి నా దగ్గరికి అలాగే వచ్చిన పెద్దాయనకు నేను అద్దె స్ప్రేయరు ఇచ్చి పంపి, ఆయన యంత్రం రెండో రోజు సాయంత్రం అందించాను. ఆ యంత్రం ఆరు పూతలు చూసింది, అదే హెలికాయిల్‌తో. మీ షెడ్డులో నడిచే పాత యంత్రం ఒకటి అరువు ఇవ్వడానికి పెట్టుకోండి. తొందర మన చేతిని తోయకుండా అదే కాపాడుతుంది.

బిగించాక ఇంజన్‌ను పది నిమిషాలు నడపండి, సబ్బు నీళ్లతో చూడండి, పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత ప్లగ్ విప్పి చూడండి. హెలికాయిల్ ప్లగ్‌తో పాటు బయటికి రాకుండా హెడ్‌లోనే నిలిచి ఉంటే, అప్పుడు యజమానికి ఫోను చేయండి.

ఇక లేవండి. అవతల బల్ల మీద మర పోయిన హెడ్లు అయిదు ఉన్నాయి, ట్యాపులు రెండు, కిరసనాయిలు డబ్బా, మూలమట్టం. ఐ.టి.ఐ. పిల్లలు ముందు రండి. ట్యాప్ ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ రంధ్రంలో వేలు పెట్టి, ఎన్ని మరలు మిగిలాయో నాకు చెప్పండి.